సదానందం వెన్నుపూస వైభవం

వెన్నునొప్పిని జబ్బు అనేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అది జబ్బు కాదండీ, హోదా!

కావాలంటే మిగతా రోగాల పక్కన పెట్టి చూడండి. షుగరు ఇంటింటికీ ఉంది. ఎవరికి చెప్పుకున్నా "మాకూ ఉంది" అంటారు, అక్కడితో మీ పరువు పోతుంది. బీపీ ఉందంటే, మీకు కోపమెక్కువని చుట్టాలు ఎప్పటినుంచో అనుకుంటున్న మాట రుజువవుతుంది. గ్యాసు గురించి నలుగురిలో మాట్లాడలేం. మొలల గురించి డాక్టరుకు కూడా సగమే చెబుతాం.

వెన్నునొప్పి అలాంటిది కాదు. పెళ్ళి పందిట్లో కూర్చుని, ఎదుటివాడి విస్తట్లో పప్పు చల్లారిపోయేదాకా దాని గురించి చెప్పవచ్చు. ఎవరూ ముక్కు మూసుకోరు. పైగా "అయ్యో, ఆ కుర్చీ ఇటు జరపండి" అంటారు. శరీరంలో ఇంకే భాగానికైనా ఈ గౌరవం ఉందా?

ఇప్పుడు దానికి మిషను కూడా వచ్చింది. కత్తి లేదు, కుట్లు లేవు. బెల్టులు కట్టి పడుకోబెడితే కంప్యూటరు మన వెన్నును మెల్లగా లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది. ఎముకల మధ్య నలిగిపోయిన గుజ్జుకు కాస్త ఊపిరాడుతుందట. మనిషికి ఊపిరాడకపోయినా పట్టించుకోని రోజుల్లో గుజ్జుకు ఊపిరాడించే మిషను ఉందంటే, మనం ముందుకు పోతున్నట్టా, కాదా?

నా మాట నమ్మనివాళ్ళ కోసం జఫర్‌గఢ్ సదానందాన్ని సాక్షిగా నిలబెడుతున్నాను. నిలబెట్టడం కూడా తప్పే, ఆయన ఎక్కువసేపు నిలబడకూడదు. కూర్చోబెడుతున్నాను.

సదానందానిది ఎరువుల దుకాణం. యూరియా బస్తాలు ఎత్తడానికీ దించడానికీ హమాలీలున్నారు. ఆయన పనల్లా తిరిగే కుర్చీలో కూర్చుని ఫోనులోకి చూడటం. పొద్దున షట్టరు ఎత్తాక తల వంచితే, మళ్ళీ షట్టరు దించేటప్పుడే ఎత్తుతాడు. ఇంత చాకిరీ చేస్తే ఏ మెడ ఊరుకుంటుంది? ముందు మెడ పట్టింది. మెడను చూసి నడుముకూ బుద్ధి పుట్టింది.

ఇంటి దగ్గర బర్రెలున్నాయి, ఊరి బయట పత్తిచేను ఉంది. వాటి గురించి ఆయనకు పెద్దగా తెలియదు. అవన్నీ ఆయన భార్య కట్టమ్మ చూసుకుంటుంది.

నొప్పి వచ్చిన కొత్తలోనే సదానందం జాతకం మారిపోయింది. అంతకుముందు పెళ్ళికి పోతే బంతిలో చోటు వెతుక్కునేవాడు. ఇప్పుడు ఆయన కోసం కుర్చీ వేస్తున్నారు. నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉండే నల్లటి మెత్త ఒకటి కొన్నాడు. అది లేకుండా గడప దాటడు. బరువులు మోయవద్దన్నారు కనుక ఆ మెత్తను కట్టమ్మ మోస్తుంది.

మొన్నామధ్య మరిపెడలో ఒక పెళ్ళికి పోయారు. అక్కడికి కేసముద్రం నుంచి నారాయణ వచ్చాడు. పత్తి కమిషన్ వ్యాపారి, సదానందానికి చిన్నప్పటి స్నేహితుడు, నొప్పుల్లో పోటీదారు. మెడకు తెల్లటి పట్టీ కట్టుకుని, పెళ్ళికొడుకు కంటే నిటారుగా కూర్చున్నాడు. అప్పటికే హైదరాబాదులో మిషను ఎక్కి వచ్చాడట. ఒక వేలెడు పొడుగు కూడా పెరిగాడట. చుట్టూ చేరినవాళ్ళు ఆయన పాదాల నుంచి తల దాకా కళ్ళతోనే కొలుస్తున్నారు.

వీళ్ళిద్దరికీ కాస్త దూరంలో సదానందం తోడల్లుడు యుగేందర్ కింద కూర్చుని తింటున్నాడు. భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఎందుకు అడుగుతారు? లారీ నడిపేవాడికి వస్తే అది ఒళ్ళునొప్పులు. కుర్చీలో కూర్చునేవాడికి వస్తేనే డిస్కు!

ఆ పెళ్ళి నుంచి వచ్చాక సదానందానికి అన్నం సయించలేదు. నారాయణ మిషను ఎక్కాడు, తాను ఎక్కలేదు.

ఇక్కడ తెలివైన పాఠకులు ఒక ప్రశ్న అడగాలి. ఇంట్లో వైద్యం పెట్టుకుని ఈయన ఊళ్ళు తిరగడమేమిటి? నిజమే. ఆ ఇంటి వైద్యం సంగతి చెప్పకుండా కథ ముందుకు పోదు.

కట్టమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. అంటే పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు వదులుతుందని మన దగ్గర ఎవరికి తెలియదు? అందుకని ఆదివారం, గురువారం పొద్దున్నే పరగడుపున ఆ ఇంటికి జనం వస్తారు. నాటు వేసేవాళ్ళు, పత్తి తీసేవాళ్ళు, గోడలు కట్టే సుతారి పనివాళ్ళు. పక్క తండా నుంచి చంద్రి అయితే పత్తి తీసే కాలమంతా వస్తూనే ఉంటుంది.

వచ్చినవాళ్ళు గడప బయట బోర్లా పడుకుంటారు. కట్టమ్మ చేతిలోని పాలచెంబు పక్కన పెట్టి, ద్వారబంధం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఎడమకాలితో వాళ్ళ నడుము మీద మూడుసార్లు తన్నుతుంది. గట్టిగా కాదు, తన్నినట్టు తెలిసేంత. తరువాత వాళ్ళు లేచి వెనక్కి చూడకుండా పోవాలి. ఏమీ ఇవ్వకూడదు, మంచిమాట కూడా చెప్పకూడదు. చెబితే గుణం పోతుందట. కాబట్టి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆచారమంటే అంత నిష్ఠగా పాటించాలి మరి!

ఎవరైనా వెనక్కి చూసి ఉంటే, ఎత్తిన కాలు దించాక ఆమె కాసేపు ద్వారబంధాన్ని అలాగే పట్టుకుని నిలబడటం కనిపించేది. చూడకూడదు కనుక ఎవరూ చూడలేదు.

ఇంత మహత్తు గల కాలు ఇంట్లోనే ఉన్నా సదానందానికి అక్కరకు రాలేదు. పెళ్ళాం కాలు మొగుడికి పొరపాటున తగిలితేనే మూడుసార్లు కళ్ళకద్దుకునే ఇల్లు అది. అలాంటిది ఆదివారం పూట, ఊరంతా చూస్తుండగా, గడప ముందు పడుకుని తన్నించుకోవడమా? నడుము పోయినా ఫర్వాలేదు, పరువు పోతే ఏ మిషను లాగుతుంది?

అయినా మనిషి ఆశ పోదు. సదానందం ఒక ఉపాయం ఆలోచించాడు. గోడకు అటువైపు ఆయన వీపు ఆనించి కూర్చున్నాడు. ఇటువైపు నుంచి కట్టమ్మ గోడను తన్నింది. కాలు ఆయనకు తగలలేదు, ఆచారం చెడలేదు. గోడకున్న సున్నం పెచ్చు ఊడింది. నడుము ఊడలేదు, నొప్పీ ఊడలేదు. ఆ రోజంతా కట్టమ్మ కుంటుతూ తిరిగింది. గోడ గట్టిదని సదానందం మెచ్చుకున్నాడు.

అలా అన్ని దారులూ మూసుకుపోయాక, జనగామలో కొత్తగా పెట్టిన వెన్ను దవాఖానకు బయలుదేరాడు. 'ఆపరేషన్ లేకుండా' అని బయట పెద్ద ఫ్లెక్సీ ఉంది. ఫ్లెక్సీలో ఒక తెల్లవాడు నడుము పట్టుకుని నవ్వుతున్నాడు.

డాక్టరు సదానందాన్ని వంచి చూశాడు, తిప్పి చూశాడు, ఫొటోలు తీయించి చూశాడు. చివరికి ఫోను కాస్త ఎత్తి పట్టుకోమన్నాడు, పొద్దునా సాయంత్రం నడవమన్నాడు. సదానందం మనసు చివుక్కుమంది. నడవడానికి జనగామ దాకా రావాలా? జఫర్‌గఢ్‌లో రోడ్లు లేవా? మిషను సంగతేమిటని అడిగాడు. నీకు అంత అవసరం లేదని డాక్టరు అన్నాడు. నారాయణకు ఉన్న అవసరం తనకెందుకు లేదని సదానందం చాలాసేపు వాదించాడు. బయట పేషెంట్లు పెరిగిపోతున్నారు. డాక్టరు అలసిపోయి మిషను రాసిచ్చాడు.

మొదటి రోజు మెత్త పట్టుకుని కట్టమ్మ కూడా వచ్చింది. తెల్లవారక ముందే పాలు పిండి, పేడ తీసి, గడ్డి వేసి, ఇద్దరికీ అన్నం గిన్నెలో సర్ది, బస్సులో జనగామ దాకా నిలబడి వచ్చింది. సీటు ఒకటే దొరికింది. ఆ సీట్లో సదానందం, ఆయన మెత్త కూర్చున్నారు.

మిషను గదిలో ఏసీ ఉంది. మంచం రెండు ముక్కలుగా ఉంది. పద్మలత అనే థెరపిస్టు అమ్మాయి ఒక బెల్టు ఛాతీని పట్టుకుంటుందని, రెండోది నడుమును కిందికి లాగుతుందని, లాగేటప్పుడు మంచం మధ్యలో జరుగుతుందని ఓపికగా చెప్పింది. సదానందం వినలేదు. ఆయన కళ్ళు మంచం రెండు ముక్కల మధ్య ఉన్న సందు మీదే ఉన్నాయి. ఆ సందులో తన సగం ఇటు, సగం అటు పోవడం ఆయనకు స్పష్టంగా కనిపించింది.

"ముందుగాల ఆమెకు కట్టి చూపెట్టు," అన్నాడు.

ఇందులో పిరికితనమేమీ లేదని మనవి. ఆ ఇంటి పద్ధతే అంత. కొత్తది ఏదొచ్చినా మొదట కట్టమ్మే ముట్టుకోవాలి. ఆమె చేయి చల్లనిదని పైకి చెబుతారు. కుక్కరు మూత ఎగిరిపోతుందా, మోటారు షాకు కొడుతుందా అనే విషయాలు ఆ ఇంట్లో తేలింది ఆ చల్లని చేతితోనే!

డాక్టరు చూడకుండా మిషను నడపడం కుదరదని, ఊరికే బెల్టులు కట్టి చూపిస్తానని పద్మలత చెప్పింది. కట్టమ్మ మెత్తను కుర్చీలో పెట్టి, కాళ్ళకున్న చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకుంది. మోకాళ్ళ కింద పద్మలత ఒక దిండు పెట్టింది. బెల్టులు బిగించింది.

తరువాత సదానందానికి సందేహాలు మొదలయ్యాయి. సాగిన నడుము మళ్ళీ యథాస్థానానికి వస్తుందా? రాకపోతే ప్యాంట్లు పొట్టివవుతాయా? లాగుతుండగా కరెంటు పోతే మనిషి అలా సాగి ఉండిపోవాలా? అన్నిటికీ పద్మలత జవాబు చెప్పింది. చెప్పడం అయ్యాక ఇద్దరూ మంచం వైపు తిరిగారు.

కట్టమ్మ నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎప్పుడూ ముడుచుకుని ఉండే కనుబొమలు విడిపోయి ఉన్నాయి.

"మిషను మంచిగనే పనిచేస్తున్నట్టున్నది," అన్నాడు సదానందం సంతోషంగా.

"ఇంకా స్విచ్చు వెయ్యలేదు సార్," అంది పద్మలత.

సదానందం పిలిచాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ పిలవబోతే పద్మలత వద్దంది. తన వంతు మిషను మీద భార్య నిద్రపోతుంటే, ఏం చేయాలో తెలియక ఆయన మెత్తను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పడుకున్నాకే ఆమె పడుకుంటుంది, ఆయన లేవకముందే లేస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కట్టమ్మ నిద్రపోతుండగా చూడటం ఆయనకు అదే మొదలు. ఎక్కడో చూసిన మనిషిలా అనిపించింది. అలా అనిపించడం ఆయనకు నచ్చలేదు, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆమె లేచేసరికి పద్మలత తరువాతి పేషెంటును పక్క గదికి పంపించాల్సి వచ్చింది. కళ్ళు తెరిచి, ఎక్కడున్నదీ గుర్తుకొచ్చి, సిగ్గుపడి, పద్మలత బెల్టులు విప్పగానే గబగబా లేవబోయింది. లేవలేకపోయింది. అలవాటుగా నడుము మీద చెయ్యి వేసి, పక్కకు తిరిగి, మోచేతి మీద ఒరిగి, కొంచెం కొంచెంగా లేచింది. ఆ లేవడాన్ని పద్మలత కన్నార్పకుండా చూసింది.

"ఎన్ని దినాల సంది నొస్తున్నదమ్మా?"

"ఏంది నొచ్చేది?" అంది కట్టమ్మ.

"నడుము."

కట్టమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. అడిగిన పిల్లకు తప్పు చెప్పకూడదు కదా.

"నడుమంటె గిట్లనే ఉంటదనుకున్న బిడ్డా," అంది.

పద్మలత పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన కట్టమ్మను ఎడమకాలి బొటనవేలు పైకెత్తమన్నాడు. ఊళ్ళకు ఊళ్ళ నడుములు బాగుచేసిన ఆ కాలి బొటనవేలు లేవలేదు. కట్టమ్మ దాని వైపు చూస్తూ ఇంకోసారి ప్రయత్నించింది. ఊరికే ఉన్న కుడికాలి వేలు లేచింది. ఎడమది లేవలేదు.

స్కానింగు అయ్యాక డాక్టరు సంగతి విడమరిచి చెప్పాడు. గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతోంది. ఇప్పటికైతే కత్తి అవసరం లేకుండా చూద్దాం, ఈమెకు మిషను పెడదాం. అయితే మిషను కంటే ముఖ్యం, ఈమె వంగకూడదు, బరువులెత్తకూడదు, ఒంటికాలి మీద నిలబడకూడదు, పగటిపూట కూడా పడుకోవాలి. ఇలాగే చేసుకుంటూ పోతే ఆ పాదం పడిపోతుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా తిరిగి వస్తుందని చెప్పలేను.

సదానందం అంతా శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు.

"మరి బర్రెలు?"

నవ్వకండి. మీరైతే ఏమడిగేవారు? ఆ ప్రశ్నలో తప్పేముంది? పగలు పడుకునే మనిషికీ, పాలు పిండాల్సిన బర్రెకూ మధ్య లంకె ఎలా కుదురుతుంది? డాక్టరు కూడా ఆలోచించి, అది నేను చదువుకోలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆమె ఏమంటుందోనని అందరూ చూశారు. ఆమె తన బొటనవేలినే చూసుకుంటోంది.

అప్పుడు భయపడ్డాడు సదానందం. మంచం సందు చూసినప్పటి భయం కాదు. ఈసారి ఏ ఉపాయమూ తోచలేదు. గోడకు అటువైపు పోయి కూర్చుందామన్నా, ఆ గది గోడ అవతల రోడ్డే ఉంది.

తన పేర రాసిన మిషనును ఆమె పేరుకు మార్చమన్నాడు. తిరుగు బస్సులో ఒకటే సీటు దొరికింది. కట్టమ్మను కూర్చోబెట్టి, మెత్తను ఎలా పెట్టాలో తెలియక మొదట తలకిందులుగా పెట్టాడు. ఆమె సరిచేసుకుంది. ఆయన రాడ్డు పట్టుకుని స్టేషన్ ఘన్‌పూర్ దాటినా నిలబడే ఉన్నాడు. నొప్పి గుర్తుకొచ్చి ఒకసారి మూలుగుదామనుకున్నాడు. వినేవాళ్ళు లేక మానుకున్నాడు.

ఆ సాయంత్రం నారాయణ ఫోను చేసి మిషను ఎలా ఉందని, ఎంత పొడుగు పెరిగావని అడిగాడు. తనకు కాదని, ఇంట్లో ఆమెకు పెడుతున్నారని సదానందం చెప్పాడు.

"ఆడోళ్ళకు గూడ పెడ్తరా గా మిషను?" అన్నాడు నారాయణ.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే పరగడుపున గడప ముందు జనం చేరారు. తలుపు తీసుకుని సదానందం వచ్చాడు. చేతికి పేడ అంటుకుని ఉంది, లుంగీ మీద పాలు ఒలికాయి. ఈరోజు లేదన్నాడు. ఎందుకు లేదని చంద్రి అడిగింది.

"పండుకున్నది," అన్నాడు.

ఆ మాట తెల్లవారాక ఆ ఇంటి గడప మీద ఎవరూ అని ఉండరు. వచ్చినవాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాణం బాగలేదా అని ఒకావిడ కంగారుపడింది. ఆసుపత్రికి తీసుకుపోయారా అని ఇంకొకరు అడిగారు. బాగానే ఉందని, ఊరికే పడుకుందని సదానందం ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు అర్థం కాలేదు. బాగున్న ఆడమనిషి పడుకోవడమేమిటి?

"పండుకుంటె తగ్గుతదానె అన్నా?" అంది చంద్రి.

తగ్గుతుందని డాక్టరు అన్నాడని చెప్పాడు.

"మరి పత్తెవరు తీస్తరు?"

సదానందానికి ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టు అనిపించింది. జవాబు కోసం చంద్రి ఆగలేదు. తన నడుము మీద చెయ్యి వేసుకుని బయలుదేరింది. సందు మలుపు దగ్గర ఆగి, ఆచారం తప్పి, వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

కట్టమ్మ ఇప్పటికీ జనగామ పోయి వస్తోంది. బొటనవేలు కాస్త కదులుతోందట. పైకి లేవడానికి ఇంకా సమయం పడుతుందన్నారు, లేస్తుందని మాత్రం రాసివ్వలేదు. సదానందం నొప్పి ఏమైందంటారా? బర్రెలు ఫోను చూడనివ్వడం లేదు. తల ఎత్తి చూడకపోతే కొమ్ము తగులుతుంది. మెడ దానంతటదే తిరుగుతోంది. హోదా మాత్రం పోయింది. మొన్న ఒక పెళ్ళిలో ఆయనకు కుర్చీ వేయలేదు.

కాబట్టి అయ్యలారా, వెన్నునొప్పి హోదా అన్న నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే ఆ హోదా దక్కాలంటే నొప్పి ఒక్కటే ఉంటే చాలదు. అది నొప్పి అని తెలియాలి. తెలియాలంటే ఒక్క పూటైనా అది లేకుండా ఉండి చూడాలి.

మీ ఇంట్లో ఆవిడకు నడుము నొప్పి ఉందేమోనని మీకు అనుమానం వచ్చి ఉంటే, దయచేసి అడగకండి. లేదంటుంది. అబద్ధం కూడా కాదు, ఆమెకు తెలిసింది అంతే. ఒక మధ్యాహ్నం మంచం వాల్చి పడుకోమనండి. మిషను అక్కర్లేదు, స్విచ్చు అక్కర్లేదు. ఎంతసేపటికి లేస్తుందో, ఎలా లేస్తుందో పక్కన కూర్చుని చూడండి.

ఈలోగా గిన్నెలు తోమండి, నీళ్ళు పట్టండి, బర్రెలుంటే గడ్డి వేయండి. వంగేటప్పుడు మాత్రం జాగ్రత్త. నడుము పట్టేస్తుంది.